కిటికీకి ఆరేసిన మాట

ఆ ఉదయం ఆకాశం విరిగిన పాలలా ఉంది. ముక్కలు ముక్కలుగా తెల్లమబ్బు, మధ్య మధ్య నీళ్ళరంగు. వాన వచ్చేటట్టూ లేదు, ఎండ కాసేటట్టూ లేదు. మైదానం చుట్టూ ఉన్న మట్టిదారి రాత్రి మంచుకి తడిసి, అడుగు వేస్తే అచ్చు పడేంత మెత్తగా ఉంది. పరుగుకి ఇలాంటి పొద్దు మంచిదంటారు. చేతులాయన మాత్రం ఆ మబ్బుల వంక ఒకసారి చూసి, జేబులో తాళంచెవిని తిప్పుకుంటూ నిలబడిపోయాడు.

వెనకటి భాగాలు చదివినవారు ఈ నాలుగు ముక్కలూ దాటేసి ముందుకు పోవచ్చు. కొత్తగా వచ్చినవారు మాత్రం ఇక్కడ కాసేపు కూర్చోవాలి.

మైదానం చివర, పరుగు క్లబ్బు వాళ్ళు సామాన్లు పడేసుకునే పాత గది ఒకటి ఉంది. ఆ గదిలో పరుగు మనుషుల కాళ్ళకి మర్దన చేసేవాడిని అందరూ చేతులాయన అంటారు. బయట పరుగు నేర్పే కోచ్ ఆయనకి స్వయాన అన్న. ఒకే మైదానం, ఒకే క్లబ్బు, ఒకే తల్లి కడుపు. అయినా ఏళ్ళ తరబడి ఇద్దరి మధ్యా మాటల్లేవు. చేతులాయన కూడా ఒకప్పుడు పరుగెత్తినవాడే. మడమ వెనక నరం పట్టేసిందని చెప్పినా అన్న వినలేదు. పరుగెత్తించాడు. నరం తెగింది. తమ్ముడు మంచం మీద ఉన్నన్నాళ్ళూ పెళ్ళాం చేత పళ్ళు పంపాడు గాని, తాను ఆ గడప తొక్కలేదు. "పళ్ళొచ్చాయి, కాళ్ళు రాలేదు" అని చేతులాయన వదినతో ఒక్కసారి అన్నాడు. ఆ తర్వాత అన్న గురించి గాని, అన్నతో గాని ఏమీ అనలేదు.

మాట ఆగిందని పని ఆగదు కదా. పరుగు మనిషి కాళ్ళు చూశాక చేతులాయన కిటికీ ఊచలకి తువాలు ఆరేసేవాడు. తెల్లదైతే పరుగెత్తించు. నీలందైతే ఆపు. కోచ్ మైదానం నడిమధ్య నుంచి ఆ కిటికీ వైపు ఒక చూపు విసిరి, దాన్నిబట్టి పని చెప్పేవాడు. ఇలాగని ఇద్దరూ కూర్చుని అనుకున్నది లేదు. ఎడ్లకి ఇంటిదారి తెలిసినట్టు, దానంతటదే అలవాటైంది.

కోచ్ కూతురు చీమ. బడిలో పేరు వేరే ఉంది గాని, ఒక్కచోట కుదురుగా కూర్చోదని బాబాయి పెట్టిన ముద్దుపేరే ఊళ్ళో నిలిచింది. వేసవి చివర, ఆమె ఎడమ ముంగాలి ఎముక పరుగులోనే చిట్లింది. ఆ పొద్దున నీలం తువాలే వేశానని చేతులాయన. తెల్లదే చూశానని కోచ్. నా తమ్ముడు అబద్ధాలకోరని క్లబ్బు వాళ్ళందరి ముందూ కోచ్ అన్నాడు. చేతులాయన గదికి తాళం వేశాడు. ఆనాటి నుంచి ఎవరి కాలూ ముట్టుకోలేదు. రోజూ వచ్చి తలుపు తీస్తాడు, ఖాళీ బల్ల తుడుస్తాడు, మళ్ళీ తాళం వేసుకుని పోతాడు.

పోయిన వారం మనం లేచి వెళ్ళేసరికి, ఆ తలుపు ముందు కోచ్ వచ్చి నిలబడి ఉన్నాడు. ఆయన వెనకాల చీమ.

ఇప్పుడు ముగ్గురూ నిలబడే ఉన్నారు. ఇన్నేళ్ళ తర్వాత మొదటి మాట ఏమనాలో ఇద్దరికీ తెలియలేదు. తిట్టుకోవడానికైనా కాస్త అలవాటుండాలి. కోచ్ మెడలోని విజిల్ దారాన్ని వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు, మళ్ళీ చుట్టుకున్నాడు. చివరికి గొంతు సవరించుకుని అడిగాడు.

"చెప్పులు విప్పాలా?"

చేతులాయన ఆయన పాదాల వంక చూశాడు. "చెప్పులు కావుగా, బూట్లు."

"అదే. విప్పాలా?"

"లోపలికొచ్చేవాళ్ళు విప్పుతారు."

"తాళం తీస్తే కదా లోపలికి రావడం."

చీమ నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. అన్నదమ్ములిద్దరూ నవ్వలేదు.

కోచ్ ఇంక ఉపోద్ఘాతం పెట్టలేదు. వచ్చే ఆదివారం ఎంపిక పరుగు. అందులో నెగ్గితే పెద్ద జట్టులో చోటు. దాటిపోతే, చీమ వయసుకి మళ్ళీ ఆ తలుపు తెరుచుకోదు. ఎముక అతికిందని డాక్టరు చెప్పాడు. నడవమన్నాడు, నెమ్మదిగా పరుగు మొదలెట్టుకోమన్నాడు. కాని ఇంకోసారి ఎముక విరిగితే పరుగు మాట మరిచిపోవాలని కూడా అన్నాడు.

"డాక్టరు ఫోటో తీసి ఎముకని చూశాడు. కాలిని చూసింది ఎవరూ లేరు. నువ్వు చూడు. చూసి చెప్పు."

"నేను చెప్తే నువ్వు వింటావా?"

"వినడానికేగా వచ్చింది."

"ఆ రోజూ చెప్పాను."

"ఆ రోజు తెల్లది వేశావు."

"నీలం వేశాను."

"నాకు చత్వారం వచ్చిందేమో గాని, రంగులు పోలేదు."

"నాకు కాలు కుంటిదే గాని, చేతులు కుంటివి కావు. ఏ తువాలు పట్టుకున్నానో నాకు తెలుసు."

"అయితే తువాలే రంగు మార్చుకుందా?"

"నీ కూతురు నెగ్గాలన్న ఆశలో నీ కళ్ళే మార్చుకున్నాయేమో."

ఆ మాట నోరు దాటాక చేతులాయనకే ఎబ్బెట్టుగా అనిపించింది. రాత్రుళ్ళు పక్క మీద దొర్లుతూ ఎన్నోసార్లు అనుకున్న మాటే. మనసులో అనుకున్నప్పుడు కత్తిలా ఉండేది. ఇప్పుడు అన్న నెరిసిన గడ్డం ఎదురుగా, మొద్దుబారిన చాకులా ఉంది. కోచ్ ముఖం ఎర్రబడింది. విజిల్ దారం వేలికి బిగిసి, వేలి కొస తెల్లబడింది.

"నేను మార్చాను" అంది చీమ.

ఇద్దరూ ఆమె వంక తిరిగారు. మాట వినపడింది గాని, అర్థం ఇంకా లోపలికి దిగలేదు.

"నీలం తువాలే వేశాడు బాబాయ్. నాన్న చూసింది తెల్లదే. మధ్యలో నేను మార్చాను. నాన్న చూశాక మళ్ళీ నీలందే వేశాను."

చేతులాయనకి ఆ పొద్దు కళ్ళకి కట్టింది. ముంగాలి మీద వేలు పెట్టగానే చీమ ఊపిరి ఒక్క క్షణం ఆగడం. ఆయనకొక లెక్క ఉంది: అరచేతి వెడల్పున ఉండే నొప్పి కండది, పిసికితే పోతుంది. వేలిముద్రంత చోట ఉండే నొప్పి ఎముకది, దాని మీద నుంచి చెయ్యి తీసెయ్యాలి. అది వేలిముద్ర నొప్పి. నీలం తువాలు ఆరేసి, చేతుల నూనె కడుక్కోవడానికి బయట కొళాయి దగ్గరికి పోయాడు. పంపు నీళ్ళు సన్నగా వస్తున్నాయి. సబ్బు వదలడానికి చాలాసేపు పట్టింది. ఆ సేపట్లోనే జరిగిందన్నమాట.

"నీకా తువాళ్ళ సంగతి ఎవరు చెప్పారు?" కోచ్ గొంతు చాలా నెమ్మదిగా ఉంది. ఆయన అరిచినప్పుడు ఎవరూ భయపడరు. నెమ్మదిగా మాట్లాడినప్పుడు మాత్రం క్లబ్బంతా జాగ్రత్త పడుతుంది.

"ఎవరు చెప్పాలి నాన్నా? క్లబ్బులో అందరికీ తెలుసు. మైదానం ఊడ్చేవాళ్ళకి కూడా తెలుసు. మా అందరికీ తెలుసన్న సంగతి మీ ఇద్దరికే తెలియదు."

"ఎందుకు మార్చావే?"

"పరుగెత్తాలనిపించింది."

"నొప్పి పెట్టుకునా?"

చీమ తలుపు మీద పెచ్చులూడిన రంగుని గోటితో గీకింది.

"నొప్పి ఉందా అని నన్నెవరూ అడగలేదు. బాబాయ్ తన వేళ్ళనడిగాడు. నువ్వు తువాలునడిగావు. కాలు నాది. నా నోటికి ఎవరైనా పని చెప్పారా?"

"అడిగితే చెప్పేదానివా?"

ఇది అడిగింది చేతులాయన. చీమ ఆయన కళ్ళలోకి చూసింది.

"చెప్పేదాన్ని కాదు. కాని అబద్ధం ఆడాల్సి వచ్చేది. మీ మొహాలు చూస్తూ అబద్ధం ఆడటం, తువాలు మార్చినంత తేలిక కాదు."

కోచ్ గడప పక్కనున్న చెక్కబెంచీ మీద కూలబడ్డాడు. "ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు" అన్నాడు గాని, ఆ మాటలో కోపం లేదు. కాసేపయ్యాక వంగి బూట్ల తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. లోపలికి రమ్మని ఎవరూ అనకపోయినా విప్పాడు. మేజోళ్ళకి బొటనవేలి దగ్గర చిల్లు.

"క్లబ్బు వాళ్ళకి చెప్పాలి" అన్నాడు నేల చూస్తూ.

"ఏం చెప్తావ్?"

"నువ్వు సరిగ్గానే వేశావని."

"చెప్పి?"

"చెప్పి ఏముంది. అన్నది నేనేగా, వెనక్కి తీసుకోవాల్సిందీ నేనే."

వేసవి నుంచి చేతులాయన గుండెలో ఒక తీర్పు రాసి పెట్టుకున్నాడు. అన్నకి కూతురి కన్నా పందెం ఎక్కువని, నీలం చూసి కూడా పరుగెత్తించాడని, వెనక తనని ఎలా పాడుచేశాడో కూతుర్నీ అలాగే పాడుచేశాడని. ఆ తీర్పుని రోజూ బల్ల తుడిచినట్టు తుడుచుకుంటూ, మెరుగు పెట్టుకుంటూ వచ్చాడు. ఇప్పుడది చేతిలో ఉత్తి చెక్కముక్కలా మిగిలింది. ఒక్కనాడు మైదానం దాటి పోయి, 'పిల్లకి ఎముక నొప్పి, ఆపు' అని నోటితో అంటే అరనిమిషం పట్టేది. గోటితో పోయేదానికి ఎముక దాకా తెచ్చుకున్నారు.

జేబులోంచి తాళంచెవి తీశాడు.

గది లోపల ముక్కిపోయిన నూనె వాసన. తల ఆనే చోట బల్ల మీది రెక్సిన్ నున్నగా అరిగి ఉంది. మూల ఐసునీళ్ళ తొట్టి బోర్లించి ఉంది. గోడకి కాళ్ళు ఎత్తిపెట్టుకుని పడుకునేవాళ్ళ మడమల మరకలు వరసగా, ఒక్కొక్కరి పొడుగుని బట్టి ఒక్కొక్క ఎత్తున ఉన్నాయి. చేతులాయన పొయ్యి వెలిగించి నీళ్ళు కాచాడు. నూనె గిన్నెని వేడినీళ్ళలో దించాడు. మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాడు. కోచ్ బయట మెట్టు మీదే కూర్చున్నాడు. మర్దన జరిగేటప్పుడు మూడో మనిషి లోపల ఉండకూడదన్నది ఆ గది పద్ధతి. కోచ్ ఆ పద్ధతి తప్పలేదు.

చీమ బల్లెక్కి బోర్లా పడుకుంది.

ముందు ఎడమ కాలు. అరికాలి నడుమ నుంచి మొదలుపెట్టి, మడమ చుట్టూ తిప్పి, పిక్క మీదికి వచ్చాడు. ఎప్పుడైనా కింది నుంచి గుండె వైపుకే తోయాలి. అలసిన రక్తాన్ని ఇంటికి పంపడం లాంటిదంటాడు ఆయన. పిక్క సన్నబడింది. అన్నాళ్ళు కట్టులో ఉంది మరి. కండని రెండు అరచేతుల మధ్య ఎత్తి, పిండి పిసికినట్టు పిసికి, వదిలాడు. తర్వాత వెల్లకిలా తిప్పి, ముంగాలి ఎముక పక్కగా బొటనవేలిని జార్చాడు. ఎముక మీద మాత్రం ఒత్తలేదు. చిట్లి అతికిన చోట, చెట్టుకొమ్మ మీద కణుపులా చిన్న ఉబ్బు తగిలింది. దాని మీద వేలు ఆనించి, చీమ ఊపిరి విన్నాడు. ఊపిరి ఆగలేదు. ఇంకాస్త ఆనించాడు. ఆగలేదు.

"బాగా అతికింది" అన్నాడు. ఆయన చేతులు పనిలో ఉండగా నోరు మాట్లాడటం ఆ గదిలో అదే మొదటిసారి.

చీమ కప్పు వంక చూస్తూ నవ్వింది. "చెప్పానుగా."

"ఎప్పుడు చెప్పావ్?"

"ఇప్పుడు చెప్తున్నాగా."

కుడి కాలి మీదికి చెయ్యి పోనిచ్చాడు.

"అది బాగానే ఉంది బాబాయ్. దానికేం కాలేదు."

దానికేం కాకపోతే చెప్పాల్సిన పని లేదు. చేతులాయన అరికాలు పట్టుకున్నాడు. వేలి మొదట్లో పొక్కు ఎండి, చర్మం గట్టిపడి ఉంది. పాతది కాదు. నడక వల్ల వచ్చే పొక్కు మడమకి వస్తుంది. ఇది పరుగు పొక్కు. పిక్క కర్రలా బిగుసుకుపోయింది. తొడ వెనక కండలో ముడులు ముడులుగా తగిలాయి. ఒక కాలు రెండు కాళ్ళ చాకిరీ చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

"ఎక్కడ పరుగెత్తుతున్నావ్?" గొంతు తగ్గించి అడిగాడు.

చీమ తలుపు వైపు చూసింది. తండ్రి వీపు కనపడుతోంది.

"వెనక వీధిలో. తారురోడ్డు మీద. మైదానంలో అయితే నాన్న చూస్తాడు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"డాక్టరు నడవమన్న దగ్గర్నుంచి."

"పరుగయ్యాక కాళ్ళెవరు చూశారు?"

"ఎవరు చూస్తారు? నువ్వు తాళం వేసుకున్నావుగా." ఆ మాట ఎత్తిపొడవాలని అనలేదు. అడిగినదానికి చెప్పింది, అంతే. "నేనే గాజుసీసా అరికాలి కింద పెట్టి దొర్లించుకున్నా. పిక్కలకి కూడా దొర్లించా. నువ్వు చేసినట్టు రాలేదు."

చేతులాయన చేతులు ఒక్కక్షణం ఆగాయి. గదికి తాళం వేసినప్పుడు తన అలకకి వేసుకున్నాననుకున్నాడు. అన్నకి బుద్ధి రావాలనుకున్నాడు. క్లబ్బు వాళ్ళకి తన విలువ తెలియాలని కూడా, నిజం చెప్పాలంటే, అనుకున్నాడు. ఆ తాళం ఎవరి కాళ్ళ మీద పడిందో ఇప్పుడు ఆయన అరచేతుల్లో ఉంది. ఈ నెలల్లో వారానికొక్కసారి ఈ పిక్క పట్టుకుని ఉంటే, ఇది ఇంత బిగిసేది కాదు. పొక్కు మొదటినాడే కనపడేది. తారురోడ్డు సంగతి అప్పుడే బయటపడేది. అలిగినవాడు అన్నం మానేస్తే వాడి కడుపే మాడుతుంది. తాను అలిగి మానేసింది మాత్రం ఇంకొకరి అన్నం.

పాదం పైభాగానికి వచ్చాడు. రెండో వేలి వెనక సన్నటి ఎముక. దాని వెంబడి చూపుడువేలిని మెల్లగా జార్చాడు. నడిమికి రాగానే చీమ కాలివేళ్ళు ముడుచుకున్నాయి. ఆమె ముఖంలో ఏమీ లేదు. కప్పు వంక చూస్తూనే ఉంది. వేళ్ళు మాత్రం ముడుచుకున్నాయి. వేలు తీశాడు. మళ్ళీ అక్కడే ఆనించాడు. ఈసారి ఊపిరి ఆగింది.

వేలిముద్రంత చోటు.

చేతులాయన రెండు చేతులూ తీసి, ఒళ్ళో పెట్టుకుని, పీట మీద కూర్చున్నాడు. వెనకటి ఆయనైతే లేచి నీలం తువాలు తీసేవాడు. ఇప్పుడా ఊచల వంక చూడబుద్ధి కాలేదు.

"చీమా."

"ఊఁ."

"నొప్పి ఉందా?"

చీమ ఆయన వంక తిరిగి చూసింది. నిన్నగాక మొన్న ఈ బల్ల ఎక్కడానికి తాను ఎత్తి కూర్చోబెట్టిన పిల్లలాగే ఉంది. కళ్ళలో ఒక్కసారిగా నీళ్ళు నిండాయి గాని కిందికి రాలేదు.

"ఆదివారం ఇంకెంతో దూరం లేదు బాబాయ్" అంది.

"నేనడిగింది అది కాదు."

ఆమె జవాబు చెప్పేలోపే బయట గిన్నెల చప్పుడైంది. వదిన. మైదానం పక్కనే కోచ్ ఇల్లు. వంటింటి కిటికీలోంచి ఈ గది కనపడుతుంది. పరుగు మనుషుల ఇంట్లో పొద్దున్నే అన్నం వండుతారు. రోజూ ఒక పూట మరిదికి ఆ వంట పంపడం ఆమె ఏనాడూ మానలేదు. ఇవాళ మాత్రం వండిన గిన్నెలన్నీ చంకన పెట్టుకుని తానే వచ్చింది.

"అన్నదమ్ములిద్దరూ ఒక్కచోట కనపడితే, ఎవరైనా పోయారేమోనని పొయ్యి ఆపి వచ్చాను" అంది మొగుడితో. "ఏంటి, ఎవరూ పోలేదా?"

"నీ నోరు" అన్నాడు కోచ్.

"నా నోటికేం. అది పనిచేస్తుంది గనకే ఈ కొంప నడుస్తోంది." లోపలికి తొంగిచూసి, మరిది ముఖం చూసి ఆగింది. కూతురి ముఖం చూసింది. వసారాలో చాప పరిచి, పళ్ళేలు పెట్టింది.

చీమ బల్ల దిగి, తువాలుతో నూనె తుడుచుకుని, మేజోళ్ళు తొడుక్కుంది. కుడి మేజోడు తొడిగేటప్పుడు కాస్త ఎక్కువసేపు పట్టింది.

కోచ్ లేచి నిలబడ్డాడు. తమ్ముడు గడప దగ్గరికి వచ్చాడు. ఇద్దరి మధ్యా జానెడు దూరం. ఇంత దగ్గరగా నిలబడి ఎన్నేళ్ళైందో. అన్న ఇంత పొట్టివాడని చేతులాయనకి గుర్తు లేదు.

"ఎలా ఉంది కాలు?" అన్నాడు కోచ్.

"ఎడమ కాలు బాగుంది. ఎముక గట్టిగా అతికింది."

కోచ్ ఊపిరి వదిలాడు. భుజాలు కిందికి దిగాయి. కాని ఆయన ఊరికే కోచ్ కాలేదు. ఎడమ కాలన్న మాట దగ్గర ఆయన కళ్ళు ఆగిపోయాయి.

"రెండోది?"

చేతులాయన నోట్లో మాట సిద్ధంగానే ఉంది. చెప్పేస్తే ఒక్క ముక్క. ఎముక నిలుస్తుంది. కాని చీమ మళ్ళీ ఆ బల్ల ఎక్కదు. ఇంకో వీధి వెతుక్కుంటుంది, ఇంకో గాజుసీసా వెతుక్కుంటుంది. పెద్దవాళ్ళకి కాళ్ళు అప్పగించకూడదన్న పాఠమే ఆమెకి మిగులుతుంది. చెప్పకపోతే, ఆదివారం ఆ సన్నటి ఎముక ఏ మలుపులోనో పుటుక్కుమంటుంది. అప్పుడు డాక్టరు అన్న మాట నిజమవుతుంది.

"నన్నడగొద్దు అన్నయ్యా" అన్నాడు. "దాన్నడుగు. నోటితో అడుగు."

అన్నయ్యా అన్న పిలుపు విని వదిన చేతిలో గరిటె ఆగింది. కోచ్ కూడా ఆ పిలుపు విన్నాడు గాని, దానికి సంతోషించే తీరిక లేకపోయింది. కూతురి వైపు తిరిగాడు. ఇన్నేళ్ళలో ఆయన ఆమెని ఎంత వేగం, ఎంత దూరం, ఎన్ని చుట్లు అని అడిగాడు. ఇది ఎలా అడగాలో ఆయనకి తెలియలేదు. విజిల్ మెడలోంచి తీసి జేబులో పెట్టుకున్నాడు.

"అమ్మా," అన్నాడు. "నీకు... ఎక్కడైనా నొప్పిగా ఉందా?"

చీమ తండ్రిని చూసింది. బాబాయిని చూసింది. బాబాయి కళ్ళు దించుకోలేదు. నేను చెప్పనని ఆయన మాటివ్వలేదు, చెప్తానని బెదిరించనూ లేదు. ఊరికే చూస్తున్నాడు.

"తిన్నాక చెప్తాను నాన్నా" అంది.

కోచ్ తల ఊపాడు. నలుగురూ చాప మీద కూర్చున్నారు. వదిన అందరికీ వడ్డించింది. అన్నదమ్ములకి పక్కపక్కనే పళ్ళేలు పెట్టింది. అన్నం పొగలు కక్కుతోంది. మైదానంలో ఎవరో ఒకళ్ళిద్దరు పరుగు మొదలుపెట్టారు. వాళ్ళ అడుగుల చప్పుడు దగ్గరికి వస్తోంది, దూరమవుతోంది, మళ్ళీ దగ్గరికి వస్తోంది.

చేతులాయన తింటున్నాడు గాని ఏం తింటున్నాడో తెలియడం లేదు. ఈ పిల్ల లేదంటే? నొప్పి లేదని తండ్రి ముఖం చూసి అనగలిగితే? అప్పుడు తానేమనాలి? ఇన్నేళ్ళు మాట దాచుకున్నందుకు ఒక ఎముక పోయింది. ఇప్పుడు ఆ మాటని పిల్ల చేతికిచ్చి, తాను పక్కకి తప్పుకున్నాడా, లేక దానికి ఇవ్వాల్సినదే ఇచ్చాడా? వదిన నీళ్ళ గ్లాసు జరిపింది.

కోచ్ ముందుగా తినేశాడు. చెయ్యి కడుక్కోవడానికి లేవలేదు. ఎండిపోతున్న చేత్తో అలాగే కూర్చుని, కూతురి పళ్ళెం వైపు చూశాడు. తర్వాత చేతులాయన తినడం అయింది. ఆయనా లేవలేదు. వదిన ఎంగిలి గిన్నెలు ఎత్తకుండా చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

గాలి మింగినట్టు నాలుగు ముద్దల్లో తిని లేచిపోయే చీమ, ఇవాళ మెతుకు మెతుకూ ఏరుకుంటూ తింటోంది. కుడి పాదం మడిచి ఒంటి కిందకి దాచుకుని కూర్చుంది. తల ఎత్తలేదు.

ముగ్గురు పెద్దవాళ్ళూ చేతులు ఎండబెట్టుకుని, చూస్తున్నారు. ఆమె పళ్ళెంలో ఇంకా రెండు ముద్దలున్నాయి.